మాహిష్మతికి దారెటు?

అనంతపురం నుంచి కర్నూలు వైపు 44వ నంబరు జాతీయ రహదారి మీద బయల్దేరితే గుత్తి కన్నా ముందు గార్లదిన్నె వస్తుంది. బస్సు కిటికీలోంచి చూసేవారికి కనిపించేది ఎర్రమన్ను, చెనక్కాయ చేలు, దూరంగా బోడిగుట్టలు. ఎవరో పనిగట్టుకుని పేర్చినట్టు ఒకదాని మీద ఒకటి నిలబడ్డ బండరాళ్లు. ఈ నేలను చూసిన రైతు తలెత్తి మబ్బు కోసం వెతుకుతాడు. సినిమా దర్శకుడు మాత్రం 'ఇక్కడ యుద్ధం పెడితే అదిరిపోతుంది' అనుకుంటాడు!

నేల ఒక్కటే. చూపులే రెండు. ఇప్పుడు వాటికి తోడు మూడో చూపు కూడా వచ్చింది. అది సినిమా చూసి, 'ఆ చోటుకు మనమూ వెళ్దాం నాన్నా' అని మారాం చేసే పిల్లలది. సెలవులు దొరికితే తిరుపతికో ఊటీకో వెళ్లే కుటుంబాలు ఇప్పుడు జానపద సినిమాల్లోని కొండల్నీ కోటల్నీ వెతుక్కుంటూ కూడా బయల్దేరుతున్నాయి. మంచిదే. కానీ అక్కడికి వెళ్లాక ఏం చూడాలన్నదే అసలు ప్రశ్న.

తాడిపత్రి మాంత్రికుడు

తెలుగువాళ్ల మాయలూ మంత్రాల సినిమాలకు ఈ కరవు సీమతో ఉన్న బంధం ఈనాటిది కాదు. 'పాతాళభైరవి' (1951), 'మాయాబజార్' (1957), 'జగదేకవీరుని కథ' (1961).. ఈ మూడింటి దర్శకుడు కె.వి.రెడ్డి పుట్టింది 1912లో, తాడిపత్రి ప్రాంతంలో. ఆ సినిమాలకు నీడనిచ్చిన వాహినీ స్టూడియో నిర్మాణంలో పెట్టుబడి పెట్టిన మూలా నారాయణస్వామిదీ తాడిపత్రే. ఆ సంస్థను నడిపిన బి.ఎన్‌.రెడ్డి, విజయా సంస్థను నిలబెట్టిన నాగిరెడ్డి అన్నదమ్ములు. వాళ్లది పక్కనే ఉన్న కడప జిల్లా.

అంటే.. తోటరాముడి పాతాళ గుహనూ, ఘటోత్కచుడి మాయానగరాన్నీ తెలుగువాళ్లకు చూపించినవారిలో ముఖ్యులు వాన చినుకు కోసం ఎదురుచూసే నేల మీద పుట్టినవాళ్లే! అయితే వాళ్లు ఆ లోకాల్ని కట్టింది ఇక్కడ కాదు, మద్రాసు వడపళనిలో. ఆ రోజుల్లో కెమెరాలు బరువు. లైట్లు బరువు. బయట మాటలు రికార్డు చేయడం కష్టం. అందుకే గుహ కావాలంటే చెక్క, గుడ్డ, ప్లాస్టర్‌తో గుహను కట్టేవారు. మబ్బు కావాలంటే తెర మీద మబ్బును గీసేవారు. వెన్నెల కావాలంటే మార్కస్‌ బార్ట్‌లే ఉండనే ఉన్నాడు.

సీమ మనుషులు చెన్నపట్నం వెళ్లి కొండల్ని కట్టారు. సొంతూళ్ల కొండలు మాత్రం ఎండలో అలాగే నిలబడి ఉన్నాయి. వాటి వంతు రావడానికి దాదాపు అరవై ఏళ్లు పట్టింది.

రాళ్లకు పిలుపొచ్చింది

2013 జులై 6. 'బాహుబలి' చిత్రీకరణ మొదలైన రోజు. రాజమౌళి బృందం తొలి షాట్‌ కోసం ఎంచుకున్న చోటు కర్నూలుకు దగ్గర్లోని ఓర్వకల్లు రాక్‌ గార్డెన్స్‌. కర్నూలు నుంచి నంద్యాల వెళ్లే దారిలో, రోడ్డుకు కాస్త పక్కన ఉంటుంది. గార్లదిన్నె నుంచి వెళ్లేవారు గుత్తి, డోన్‌ దాటి కర్నూలు చేరి, అక్కడి నుంచి నంద్యాల రోడ్డు పట్టుకోవాలి. పొద్దున్నే బయల్దేరితే దారిలో ఎక్కడో ఒకచోట వేడివేడి ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ తిని పదకొండింటికల్లా చేరుకోవచ్చు.

చేరాక ఏం కనిపిస్తుంది? రకరకాల ఆకారాల్లో నిలబడ్డ రాళ్ల గుంపులు, వాటి మధ్యలో నీటిమడుగు. ఒక రాయి పడగెత్తిన పాములా ఉంటుంది, ఇంకోటి కూర్చున్న ముసలమ్మలా. మాహిష్మతి మాత్రం ఉండదు! అక్కడే పిల్లల ముఖాలు కాస్త వాడతాయి. 'ఇదేనా?' అంటారు.

ఇదే. ఎందుకంటే మాహిష్మతి ఏ ఒక్కచోటా లేదు. రాళ్లు కర్నూలువి. రాజప్రాసాదం హైదరాబాదు శివార్లలోని రామోజీ ఫిల్మ్‌సిటీలో వేసిన సెట్టు. మంచుకొండలు బల్గేరియావి. అడవి కేరళలోని కన్నూరు జిల్లాది. శివుడు ఎక్కే జలపాతం కూడా కేరళదే. దాని పేరు అతిరప్పిళ్లి. చాలకుడి నది మీద ఉన్న ఆ జలపాతం అసలు ఎత్తు సుమారు 80 అడుగులు. తెర మీద అది ఆకాశాన్ని తాకిందంటే ఆ ఘనత కంప్యూటర్‌ది. ఇక పేరు సంగతంటారా? మాహిష్మతి పురాణాల్లోనూ చరిత్రలోనూ ఉన్న నగరమే. మధ్యప్రదేశ్‌లో నర్మద ఒడ్డున ఉన్న నేటి మహేశ్వర్‌నే ఆనాటి మాహిష్మతిగా చాలామంది చరిత్రకారులు గుర్తిస్తారు.

మరి ఇన్ని చోట్ల నుంచి ముక్కలు తెచ్చి అతికేటప్పుడు సీమ రాళ్లే ఎందుకు? కారణం కరవే. చెట్టు ఉంటే చూసేవాడికి కొలత దొరికిపోతుంది. చెట్టు పక్కన ఉన్న బండ ఎంత పెద్దదో కన్ను ఇట్టే పసిగడుతుంది. చెట్టూ ఇల్లూ లేనిచోట ఆ కొలత ఉండదు. ఇరవై అడుగుల రాయిని రెండు వందల అడుగుల కొండ అన్నా నమ్మేస్తాం. దానికి తోడు ఏడాదిలో ఎక్కువ రోజులు మబ్బులేని ఆకాశం. వాన పడి షూటింగు ఆగిపోతుందన్న భయం తక్కువ. కెమెరాకు ఇంతకన్నా ఏం కావాలి?

ఆ ఎండకే ఇప్పుడు ఇంకో గిరాకీ కూడా వచ్చింది. ఓర్వకల్లుకు చేరువలో గని, శకునాల గ్రామాల పరిధిలో వెయ్యి మెగావాట్ల సౌరవిద్యుత్‌ పార్కు 2017లో పూర్తయింది. 2021లో ఓర్వకల్లులోనే విమానాశ్రయమూ మొదలైంది.

వాన వెనక కథ

అనంతపురం ప్రాంతంలో ఏడాది మొత్తానికి కురిసేది సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. నైరుతి రుతుపవనాలు తెచ్చే మేఘాలు పడమటి కనుమల మీదే చాలావరకు కురిసేస్తాయి. ఈశాన్య రుతుపవనాలు కోస్తా దాటి ఇక్కడికి చేరేసరికి నీరసిస్తాయి. రెండు వైపుల వానలకూ చివరి పంక్తిలో కూర్చున్న నేల ఇది. వడ్డించేవాడు ఇక్కడికి వచ్చేసరికి గిన్నె అడుగంటుతుంది.

అందుకే ఇక్కడి రైతు చెనక్కాయ మీద ఆశ పెట్టుకుంటాడు. పదును వానకు విత్తనం వేస్తాడు. ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేస్తే ఆ ఏడు అప్పే మిగులుతుంది. ఇంటికి తాళం వేసి బెంగళూరుకు కూలికి వెళ్లిన కుటుంబాలు సీమలో కోకొల్లలు. తెర మీద 'అబ్బ, ఎంత బావుందో' అనిపించిన ఆ బోసినేల వాళ్లకు బతుకు. ప్రేక్షకుడికి అది రెండున్నర గంటల ముచ్చట. అక్కడివాళ్లకు ఏటేటా పరీక్ష.

ఈ సంగతి తెలియకుండా రాళ్ల ముందు ఫొటో దిగి వచ్చేస్తే చూసింది సగమే. తెలిస్తే? అదే రాయి ఇంకోలా కనిపిస్తుంది. బడిలో చెప్పిన 'వర్షచ్ఛాయా ప్రాంతం' అన్న మాటకు అర్థం పిల్లలకు అక్కడ నిలబడితే ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది. ఓర్వకల్లు పరిసరాల్లోనే కేతవరం దగ్గర ఆదిమానవులు రాళ్ల మీద వేసిన బొమ్మలున్నాయి. సినిమావాళ్ల కన్నా వేల ఏళ్ల ముందే ఈ రాళ్లను తెరగా వాడుకున్నవారు ఉన్నారన్నమాట!

బంగళాకు కొత్త పేరు

సినిమా ఒక చోటుకు పేరు తెస్తుంది. ఒక్కోసారి ఉన్న పేరును మరిపిస్తుంది కూడా. బనగానపల్లె బంగళాయే అందుకు సాక్షి.

ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉన్న బనగానపల్లె ఒకప్పుడు నవాబుల సంస్థానం. 1948లో మద్రాసు రాష్ట్రంలో కలిసింది. ఆ నవాబుల బంగళా ఒకటి ఊరి వెలుపల, యాగంటి వెళ్లే వైపు గుట్ట మీద ఉంది. 2009 జనవరిలో కోడి రామకృష్ణ దర్శకత్వంలో 'అరుంధతి' వచ్చింది. కథ ప్రకారం ఆ భవనం ఉన్నది గద్వాల సంస్థానంలో. అసలు గద్వాల కోట తెలంగాణలో తన మానాన తానుంది. తెర మీద గద్వాలగా కనిపించి జనాన్ని హడలెత్తించింది మాత్రం ఈ బంగళా. అంతే.. ఆనాటి నుంచి దాని పేరు 'అరుంధతి బంగళా'! దారి అడిగేవారు అలాగే అడుగుతారు. చెప్పేవారూ అలాగే చెబుతారు.

పేరు మారితే నష్టమేముంది? నష్టమేమీ లేదు, పాత పేరు కూడా తెలిసినంతకాలం. బనగానపల్లె అనగానే నోరూరించే మామిడిపండు గుర్తుకొస్తుంది. ఆ పండుకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. వీరబ్రహ్మేంద్రస్వామి గరిమిరెడ్డి అచ్చమ్మ ఇంట పశువులు కాశారనీ, రవ్వలకొండలో కాలజ్ఞానం రాశారనీ చెప్పుకునేదీ ఈ ఊళ్లోనే. కాస్త దూరం వెళితే యాగంటి ఉమామహేశ్వరుడు, కొండ సందుల్లోంచి కోనేట్లోకి వచ్చే నీళ్లు, పెరుగుతుందని భక్తులు నమ్మే బసవన్న. ఒక్క దెయ్యం కథ కోసం ఊరిదాకా వెళ్లి ఇవన్నీ వదిలేసి వస్తే, పెళ్లికి వెళ్లి భోంచేయకుండా తిరిగొచ్చినట్టే.

నిజం పాతాళం

కె.వి.రెడ్డి మద్రాసులో పాతాళ గుహను కట్టిస్తున్న రోజుల్లో, తాడిపత్రికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో అసలు పాతాళం ఒకటి చీకట్లో పడి ఉంది. అవే బెలుం గుహలు. సున్నపురాయిని నీరు లక్షల ఏళ్లపాటు కరిగించుకుంటూ పోతే ఏర్పడిన సొరంగాలవి. కరవుసీమ కడుపులో నీరు చేసిన పని!

1884లోనే రాబర్ట్‌ బ్రూస్‌ ఫూట్‌ అనే బ్రిటిష్‌ భూగర్భ శాస్త్రవేత్త వీటి గురించి రాశాడు. ఆ తర్వాత దాదాపు వందేళ్లు పట్టించుకున్నవారు లేరు. 1982-83లో డేనియల్‌ గెబౌర్‌ నాయకత్వంలో వచ్చిన జర్మన్‌ బృందం లోపలికి దిగి కొలిచింది. మొత్తం 3,229 మీటర్లు. అందులో సుమారు ఒకటిన్నర కిలోమీటరు దూరం ఇప్పుడు సందర్శకులు నడవొచ్చు. లోపల ఎప్పుడూ నీళ్లుండే చోటును 'పాతాళగంగ' అంటారు.

ఇందులో సిగ్గుపడాల్సిన ముచ్చట ఒకటుంది. 1988 దాకా ఈ గుహలు చుట్టుపక్కల చెత్త పారబోసే చోటు. అంత అద్భుతం చెత్తకుప్పగా పడి ఉండటానికి కారణం దాని విలువ చెప్పేవారు లేకపోవడమే. స్థానికులు, కొందరు అధికారులు పట్టుబట్టాక ప్రభుత్వం కళ్లు తెరిచింది. పర్యాటక శాఖ దారులు వేసి, దీపాలు పెట్టి, 2002లో జనానికి తలుపులు తెరిచింది. ఇప్పుడు అక్కడ టిక్కెట్టు కోసం వరుస కట్టాలి. చోటు మారలేదు. చూపు మారిందంతే.

సినిమా చేసే మేలూ ఇదే. పట్టించుకోని చోటు వైపు నలుగురి తల తిప్పుతుంది. తిరిగిన తలలు ఆ తర్వాత ఏం చేస్తాయన్నది మన చేతిలో పని.

గొర్రెల పొలం.. చెట్ల దారి

ఈ సంగతి ప్రపంచంలో చాలాచోట్ల తేలింది. న్యూజిలాండ్‌లో మటమట అనే ఊరి దగ్గర ఓ గొర్రెల పొలం. 'లార్డ్‌ ఆఫ్‌ ది రింగ్స్‌' కోసం దర్శకుడు పీటర్‌ జాక్సన్‌ బృందం 1998లో ఆకాశం నుంచి చూసి దాన్ని ఎంచుకుంది. పచ్చికదిబ్బల్లో గుండ్రటి తలుపులతో బుల్లి ఇళ్లు కట్టారు. షూటింగు అయ్యాక చాలావరకు తీసేశారు. అయినా జనం వెతుక్కుంటూ రావడంతో 2002లో చూపించడం మొదలుపెట్టారు. తర్వాత 'ది హాబిట్‌' సినిమాల కోసం ఇళ్లను మళ్లీ గట్టిగా, శాశ్వతంగా కట్టారు. ఆ తలుపుల వెనక చాలా ఏళ్లు ఏమీ ఉండేది కాదు. చూసేవారికి లోపలి గదులు తెరిచింది 2023 డిసెంబరులో. గొర్రెలు మాత్రం ఇప్పటికీ అక్కడే మేస్తున్నాయి. సినిమా వచ్చినా సేద్యం పోలేదు, పొలానికి రెండో ఆదాయం వచ్చింది.

రెండో కథ ఉత్తర ఐర్లండ్‌ది. రెండు వందల ఏళ్లకు పైబడిన బీచ్‌ చెట్లు రెండు వైపులా అల్లుకున్న ఓ పల్లెదారి 'డార్క్‌ హెడ్జెస్‌'. 'గేమ్‌ ఆఫ్‌ థ్రోన్స్‌' ధారావాహికలో కనిపించిన పాపానికి ఆ దారి మీద కార్లు, బస్సులు ముసిరాయి. వేళ్ల మీద ఆ బరువు మంచిది కాదని 2017లో వాహనాలను నిషేధించాల్సి వచ్చింది. అంతకుముందు ఏడాది తుపానుకు కూలిన చెట్ల చెక్కతో పది తలుపులు చెక్కి అక్కడి పల్లెల్లోని పబ్బులకు బిగించారు. ఆ తలుపుల్ని చూడటానికి జనం ఊరూరా తిరుగుతున్నారు. ఒక్కచోటే పడే రద్దీని పది ఊళ్లకు పంచే ఉపాయమిది!

ఈ రెండింటి నుంచీ సీమ నేర్చుకోవచ్చు. వచ్చినవారు ఒక్క రాయి దగ్గర ఫొటో తీసుకుని కారెక్కేస్తే ఆ ఊరికి మిగిలేది ఖాళీ నీళ్లసీసాలు, చిప్స్‌ పొట్లాలు. రాత్రికి అక్కడే ఉండి, ఊరి హోటల్లో సంగటి తిని, ఊరి కుర్రాణ్ని వెంటబెట్టుకుని నాలుగు చోట్లు చూస్తే ఒక ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. బెంగళూరు బస్సెక్కే కుర్రాళ్లలో ఒకడైనా ఊళ్లో ఆగుతాడు.

పెన్న వెంట పోతే

సినిమా పేరుతో బయల్దేరిన కుటుంబానికి ఒక మంచి దారి ఉంది. అది పెన్నానది వేసిన దారి. గార్లదిన్నె మండలంలోని పెనకచెర్ల దగ్గర పెన్న మీద మధ్య పెన్నార్‌ జలాశయం ఉంది. తుంగభద్ర ఎగువ కాలువ నీళ్లు దానికి ఆధారం. అక్కడి నుంచి నది పామిడి పక్కగా సాగి తాడిపత్రి చేరుతుంది. ఒడ్డునే బుగ్గ రామలింగేశ్వరాలయం. నల్లరాతి మీద ఆ శిల్పుల పనితనం ముందు ఏ సెట్టూ నిలవదు. ఊళ్లోనే చింతల వెంకటరమణస్వామి గుడి, అందులో రాతిరథం. ఇంకా ముందుకు పోతే ఎర్రమల కొండల్ని నిలువునా కోసుకుంటూ నది గండికోటలో ప్రవేశిస్తుంది. పెమ్మసాని నాయకులు ఏలిన కోట అది. లోపల మాధవరాయ ఆలయం, జుమ్మా మసీదు, ధాన్యాగారం ఒకేచోట ఉంటాయి. 'మర్యాద రామన్న' (2010)లో జనం చూసింది ఈ కోటనే.

ఈ ప్రయాణానికి అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. ఏప్రిల్‌, మే నెలల్లో ఇక్కడి ఎండ మామూలుగా ఉండదు. నీళ్లు, టోపీలు దగ్గరుంచుకోవాలి. గుహల్లో ఉక్కపోస్తుంది కాబట్టి నూలు బట్టలు మేలు. గండికోట లోయ అంచున పిల్లల చెయ్యి వదలకూడదు. ఫొటో కోసం పెద్దలు కూడా అంచుదాకా వెళ్లకూడదు. గోడల మీద పేర్లు రాయాలన్న సరదా ఉంటే ఇంట్లో నోటు పుస్తకం ఉంది!

ఇంకో మాట. వెళ్లిన ప్రతిచోటా పిల్లలతో రెండు ప్రశ్నలు అడిగిస్తే ఆ ప్రయాణం నిండుగా ఉంటుంది. 'ఇక్కడ ఏ సినిమా తీశారు?' అన్నది మొదటిది. ఆ జవాబు ఎవరైనా చెబుతారు. 'ఈ ఏడు ఇక్కడ వానలు ఎలా పడ్డాయి?' అన్నది రెండోది. దానికి జవాబు చెప్పే పెద్దాయన చెట్టు కింద తువ్వాలు పరిచి కూర్చోబెట్టి మరీ చెబుతాడు. సినిమా ఎప్పుడు తీశారో ఆయనకు గుర్తుండకపోవచ్చు. చెరువు ఆఖరుసారి ఎప్పుడు నిండిందో మాత్రం నెలా వారంతో సహా గుర్తుంటుంది.